రెండు వైపులా చెప్పమంటున్నారు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: నేను చిత్తూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. పదో తరగతిలో అనువంశికత పాఠం వచ్చినప్పుడు ఏటా రెండు మూడు పీరియడ్లు పరిణామం గురించి కూడా చెప్తుంటాను. ఈసారి ఒక అబ్బాయి లేచి, 'అట్లయితే మా పాస్టరుగారు అబద్ధం చెప్పినారా మేడమ్?' అన్నాడు. క్లాసంతా నవ్వింది. వాడు మళ్లీ నోరెత్తలేదు. తర్వాత వాళ్ల నాన్నగారు వచ్చి, ఇంటెలిజెంట్ డిజైన్ (జీవుల్ని తెలివైన వారెవరో రూపొందించారన్న వాదన) మీద ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టి, 'ఇదీ సైన్సేనండీ, అమెరికా ప్రొఫెసర్లు చెప్పిందే, దీన్ని కూడా చెప్పండి' అన్నారు. మా కరస్పాండెంట్ గారేమో, 'అసలు బుక్కులో లేనిది ఎందుకమ్మా? చెప్పాలనుకుంటే రెండు వైపులా చెప్పండి, పిల్లలే తేల్చుకుంటారు. ఆ మాటకొస్తే మన దశావతారాల్లో లేదా పరిణామం? అదీ చెప్పండి' అంటున్నారు. నేను నాస్తికురాలిని కాదు. ఏటా అలిపిరి మెట్ల మీదుగా కొండెక్కే మనిషిని. ఎవరి మనసూ నొప్పించడం ఇష్టం లేదు. ఉద్యోగం ఏమవుతుందోనని టెన్షన్‌గానూ ఉంది. ఏం చెయ్యమంటారు?
– ఒక టీచర్, చిత్తూరు

సమాధానం:

అమ్మా,

పరిణామం చెప్పండి. దానికి రెండో వైపు అంటూ ఇంటెలిజెంట్ డిజైన్‌ని గానీ, దశావతారాలను గానీ సైన్సు పీరియడ్‌లోకి తేకండి. నా జవాబు ఇదే. ఎందుకో, ఉద్యోగానికి ముప్పు రాకుండా ఎలాగో చెప్తాను.

ముందు ఆ అబ్బాయి సంగతి. మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది అదే. ఆ నవ్వును మీరు అక్కడికక్కడే ఆపాల్సింది. పదిహేనేళ్ల వాడికి అది చిన్న ప్రశ్న కాదు. ప్రతి ఆదివారం ఎవరి మాట విని వస్తున్నాడో ఆయన ఒకవైపు, మీరు ఒకవైపు అయ్యారు. ఎవరో ఒకరిని ఎంచుకోమంటే వాడు మిమ్మల్ని ఎంచుకోడు, ఎంచుకోవాల్సిన పనీ లేదు. పీరియడ్ అయ్యాక విడిగా పిలిచి మాట్లాడండి. 'మీ పాస్టరుగారి గురించి నేనేమీ అనలేదు, అనను కూడా. దేవుడున్నాడా, లోకాన్ని ఆయనే చేశాడా అన్నది నా పీరియడ్‌లో తేలేది కాదు. నిన్ను నమ్మమని కూడా అడగను. జీవులు ఎలా మారుతూ వచ్చాయని శాస్త్రజ్ఞులు అంటున్నారో, ఏ ఆధారంతో అంటున్నారో నీకు అర్థమైతే చాలు' అనండి. పరీక్షలో మార్కులు అర్థమైనదానికే గదా, నమ్మకానికి కాదు. ఇంకోమాట కూడా వాడికి చెప్పొచ్చు. మనిషి డీఎన్ఏ మొత్తాన్ని చదివే మానవ జీనోమ్ ప్రాజెక్టును నడిపించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ బైబిల్‌ను గట్టిగా నమ్మే క్రైస్తవుడు, పరిణామాన్ని అంత గట్టిగానూ ఒప్పుకున్నవాడు. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చని వాడికి తెలియడం మీ పాఠం కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

ఇంకో పని. కోతి వంగి నడుస్తూ, మెల్లగా లేస్తూ, చివరికి నిటారుగా మనిషైపోయే చార్టు మీ క్లాసు గోడ మీద ఉంటే తీసెయ్యండి. సగం గొడవ ఆ బొమ్మతోనే వస్తుంది. 2018 జనవరిలో అప్పటి కేంద్ర సహాయమంత్రి సత్యపాల్ సింగ్, కోతి మనిషిగా మారడం మన పూర్వీకులెవరూ చూడలేదు కాబట్టి డార్విన్ సిద్ధాంతం తప్పన్నారు. దేశంలోని మూడు సైన్సు అకాడమీలూ కలిసి ఆ మాటను ఖండించాల్సి వచ్చింది. చింపాంజీ మనకు తాత కాదు, దాయాది. ఆస్తులు పంచుకుని ఎప్పుడో విడిపోయిన రెండు ఇళ్లవాళ్లం. ఈ ఒక్క ముక్క సరిగ్గా చెప్తే 'మరి ఇప్పుడు కోతులు మనుషులెందుకు కావట్లేదు' అన్న ప్రశ్న దానంతటదే పోతుంది.

ఇక ఆ పుస్తకం. ఏ పుస్తకమో మీరు రాయలేదు గానీ, ఆ కోవకు చెందినవాటిలో వాదన దాదాపు ఒక్కటే. జీవుల్లో కొన్ని నిర్మాణాలు ఎంత చిక్కుగా ఉంటాయంటే, అవి కొద్దికొద్దిగా ఏర్పడే వీలే లేదు, తెలివైన వారెవరో రూపొందించి ఉండాలి అంటారు. ఆ 'ఎవరో' దేవుడే అని మాత్రం అనరు. అంత జాగ్రత్త ఎందుకో తెలుసుకుంటే మీ కరస్పాండెంట్ గారికి చెప్పడానికి పనికొస్తుంది.

అమెరికాలో ప్రభుత్వ బడుల్లో మతబోధన కుదరదు. పరిణామం చెప్పేచోట సృష్టివాదం, అంటే జీవులన్నిటినీ దేవుడే నేరుగా సృష్టించాడన్న వాదం, కూడా చెప్పి తీరాలని లూసియానా రాష్ట్రం చట్టం చేసింది. అంటే మీ కరస్పాండెంట్ గారి మాటే, చట్టం రూపంలో. 1987లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాతే ఇంటెలిజెంట్ డిజైన్ అన్న పేరు బాగా వాడకంలోకి వచ్చింది. 2004 అక్టోబరులో పెన్సిల్వేనియాలోని డోవర్ అనే చిన్న ఊళ్లో స్కూలు బోర్డు ఒక తీర్మానం చేసింది. తొమ్మిదో తరగతి పిల్లలకు పరిణామం పాఠానికి ముందు ఒక ప్రకటన చదివి వినిపించాలి, డార్విన్ చెప్పినదాంట్లో లోపాలున్నాయని, వేరే వాదన కావాలంటే ఫలానా పుస్తకం చూడమని అందులో చెప్పాలి. సైన్సు టీచర్లు 'మేం చదవం' అన్నారు. చివరికి అధికారులే క్లాసులకు వచ్చి చదివారు. పదకొండు మంది తల్లిదండ్రులు కోర్టుకెక్కారు.

విచారణలో ఆ 'ఫలానా పుస్తకం' చిత్తుప్రతులు బయటపడ్డాయి. 1987 తీర్పు రాగానే పుస్తకంలో సృష్టి, సృష్టివాదులు అని ఉన్నచోటల్లా డిజైన్, డిజైన్‌వాదులు అని మార్చుకుంటూ పోయారు. ఒకచోట ఆ మార్పు సరిగ్గా పడక, పాత మాట తలా తోకా మిగిలిపోయి నడుమ కొత్త మాట ఇరుక్కుపోయింది. అంతకంటే పెద్ద సాక్ష్యం ఏముంటుంది? అధ్యక్షుడు జార్జ్ బుష్ నియమించిన జడ్జి జాన్ జోన్స్ 2005 డిసెంబరు 20న 139 పేజీల తీర్పు ఇచ్చారు: ఇంటెలిజెంట్ డిజైన్ సైన్సు కాదు, సృష్టివాదానికే ఇంకో పేరు. తీర్పుకు ముందే, నవంబరు ఎన్నికల్లో ఆ తీర్మానాన్ని సమర్థించిన బోర్డు సభ్యులను ఊరివాళ్లే ఓడించారు. కోర్టు ఖర్చుల కింద స్కూలు బోర్డు పది లక్షల డాలర్లకు పైగా కట్టుకోవాల్సి వచ్చింది. ఈ చివరి వాక్యం కరస్పాండెంట్ గారికి కాస్త నిదానంగా చెప్పండి.

మీకిచ్చిన పుస్తకంలో బాక్టీరియా కశాభం, అంటే అది ఈదడానికి వాడే తోకలాంటి భాగం, బొమ్మ ఉండే ఉంటుంది. చిన్న మోటారులా గిరగిరా తిరుగుతుంది, ఒక్క భాగం తీసేసినా ఆగిపోతుంది, కాబట్టి అంచెలంచెలుగా వచ్చి ఉండదు అన్నది మైకేల్ బీహీ అనే బయోకెమిస్ట్రీ ప్రొఫెసర్ వాదన. డోవర్ బోర్డు తరఫున ప్రధాన సాక్షి ఆయనే. అయితే ఆ మోటారులోని కొన్ని ప్రోటీన్లను పోలినవే వేరే బాక్టీరియాల్లో సూదిలాంటి ఒక పరికరంగా పనిచేస్తున్నాయి. ఎదుటి కణంలోకి విషం ఎక్కించడానికి వాడుకుంటాయి వాటిని. మోటారుగా పనికిరాని ముక్క ఇంకోదానికి పనికొస్తుందన్నమాట. అక్కడితో 'అంచెలంచెలుగా వచ్చే వీలే లేదు' అన్న మాట నిలవదు. మరో సంగతి, సైన్సుకు బీహీ ఇచ్చిన నిర్వచనం ప్రకారం జ్యోతిషం కూడా సైన్సు సిద్ధాంతమే అవుతుందా అని లాయరు అడిగితే, అవుతుందని ఆయన కోర్టులోనే ఒప్పుకున్నాడు.

మన దగ్గర ఆ మాటకు ఎవరూ ఉలిక్కిపడరు లెండి. 2001లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) జ్యోతిషాన్ని యూనివర్సిటీ కోర్సుగా పెట్టింది. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వ్యవస్థాపక డైరెక్టర్ పుష్ప ఎం. భార్గవ దాని మీద సుప్రీంకోర్టుదాకా వెళ్లారు. 2004లో ఆ కేసును కొట్టేశారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, డోవర్ టీచర్లకు కోర్టు అండ దొరికిందని మీకూ దొరుకుతుందని అనుకోకండి. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుల విధి అని రాజ్యాంగంలో 1976లో చేరిన 51ఎ అధికరణం చెప్తుంది. మంచి మాటే. దాన్ని పట్టుకుని ప్రైవేటు స్కూలు టీచరు ఉద్యోగం కాపాడుకున్న సందర్భం నేను చూడలేదు.

డోవర్‌లో తల్లిదండ్రుల తరఫున మొదట సాక్ష్యం చెప్పిన బయాలజీ ప్రొఫెసర్ కెన్నెత్ మిల్లర్ చర్చికి వెళ్లే కేథలిక్. ఆయన చెప్పిన ఒక ఉదాహరణ మీ పదో తరగతికి అచ్చంగా సరిపోతుంది. మనిషికి 23 జతల క్రోమోజోములని మీ పిల్లలకు ఎలాగూ చెప్తారు. చింపాంజీకి, గొరిల్లాకు, ఒరాంగుటాన్‌కు 24 జతలు. అందరికీ పూర్వీకులు ఒకరే అయితే మన ఒక్క జత ఎటు పోయినట్టు? అన్నేసి జన్యువులున్న జత ఊరికే ఊడిపోతే జీవి బతికి బట్టకట్టదు. కాబట్టి మన వంశంలో రెండు క్రోమోజోములు అతుక్కుని ఒకటై ఉండాలి. అతుక్కుంటే ఆనవాలు మిగలాలి. క్రోమోజోము కొసల్లో టెలోమియర్ అనే ప్రత్యేకమైన డీఎన్ఏ వరుస ఉంటుంది. కొసల్లో మాత్రమే ఉండాల్సిన ఆ వరుస మనిషి క్రోమోజోముల్లో ఏదో ఒకదానికి నడుమ కనబడాలి. ఇక్కడిదాకా బోర్డు మీద వేసి, ఆగి, 'మరి కనబడిందా?' అని పిల్లల్నే ఊహించమనండి. కనబడింది. రెండో నంబరు క్రోమోజోము మధ్యలో, ఎదురెదురుగా తలలు కలిపి అతికించినట్టు ఆ వరుసలున్నాయి. 1991లో ఆ చోటును గుర్తించారు. ఒక క్రోమోజోముకు నడుములాంటి భాగం, సెంట్రోమియర్, ఒకటే ఉండాలి గదా, ఇందులో రెండోదాని అవశేషం కూడా ఉంది. చింపాంజీలో ఆ రెండు క్రోమోజోములూ ఇప్పటికీ విడివిడిగానే ఉన్నాయి.

ఆ అతుకు దొరక్కపోయి ఉంటే పరిణామ సిద్ధాంతం చిక్కుల్లో పడేది. ఇంటెలిజెంట్ డిజైన్‌కి ఆ చిక్కు ఎప్పటికీ రాదు. అతుకు ఉంటే 'అలా రూపొందించారు' అంటారు, లేకపోతే 'ఇలా రూపొందించారు' అంటారు. ఏది దొరికినా చెల్లిపోయే జవాబుతో పిల్లల చేత మీరు ఏ ప్రయోగం చేయిస్తారు, రికార్డులో ఏం రాయిస్తారు? సైన్సు పీరియడ్‌లో దానికి చోటు లేదనడానికి నా కారణం ఇదే. అది దేవుణ్ని తెస్తుందన్నది కారణం కాదు.

దశావతారాలకూ ఇదే వర్తిస్తుంది. చేప, తాబేలు, పంది, సగం మృగం సగం మనిషి, పొట్టివాడు, ఆ తర్వాత పూర్తి మనుషులు. ఈ వరుస చూసి ముచ్చటపడినవాళ్లు చాలామందే ఉన్నారు. 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్రా యూనివర్సిటీ అప్పటి వైస్ ఛాన్సలర్, డార్విన్ సిద్ధాంతం కంటే దశావతారాలే మెరుగన్నారు. కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బేబీలని కూడా అక్కడే అన్నారు. నాకు మటుకు ఇది భక్తిని పెంచే మాటలా అనిపించదు. దశావతారాలను జీవశాస్త్రం చేస్తే జీవశాస్త్రం అడిగే ప్రశ్నలన్నీ వాటిని అడగాలి. నరసింహుడి శిలాజం ఏ పొరలో ఉంది? పరశురాముడికి, రాముడికి, కృష్ణుడికి మధ్య మారిన జాతి ఏది? స్వామిని ఈ బోనులో నిలబెట్టమని ఎవరడిగారు? తిరుమలలో పుష్కరిణి గట్టున వరాహస్వామిని ముందు దర్శించుకుని ఆ తర్వాతే శ్రీవారి దగ్గరికి వెళ్లడం ఆచారం. మీరూ అలాగే వెళ్తుంటారు. అక్కడ చేతులు జోడించేవాళ్లలో క్షీరదాల చరిత్ర తెలుసుకుందామని వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? కరస్పాండెంట్ గారు భక్తులైతే ఈ మాట ఆయనకే ముందు అర్థమవుతుంది.

గమనించారా, ఆయన రెండు వైపులన్నారు గానీ లెక్క అప్పుడే మూడుకి చేరింది. రేపు ఇంకో మతం పేరెంట్ ఇంకో పుస్తకం తెస్తే నాలుగు. పదో తరగతి సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది? ఆయనతో మాట్లాడేటప్పుడు స్టాఫ్ మీటింగులో మాట్లాడకండి, అందరి ముందు అన్న మాట ఎవరూ వెనక్కి తీసుకోరు. సాయంత్రం బస్సులు వెళ్లాక, ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు వెళ్లండి.

'బుక్కులో లేదు' అన్నదానికి జవాబు ఉంది. మన రాష్ట్రంలో పదో తరగతికి ఇప్పుడు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం. 2022లో కోవిడ్ భారం తగ్గించే పేరుతో 'అనువంశికత, పరిణామం' పాఠంలో పరిణామాన్ని తీసేసి అనువంశికత ఒక్కటే ఉంచారు. తిరిగి పెట్టమని 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, టీచర్లు బహిరంగ లేఖ రాశారు. అయినా పూర్తిగా పోలేదు. అనువంశికత పాఠం మొదలయ్యేదే తరతరానికీ వైవిధ్యాలు ఎలా పోగుపడతాయో చెప్పడంతో. ప్రత్యుత్పత్తి పాఠంలో, నీళ్లు వేడెక్కితే బాక్టీరియాల్లో చాలావరకు చచ్చి, వేడిని తట్టుకునే కొద్దిపాటివి బతికి పెరుగుతాయన్న ఉదాహరణ ఉంది. పేరు పెట్టలేదుగానీ అది ప్రకృతి వరణం కాక మరేమిటి? మీరు చెప్పేది ఆ ఉదాహరణకు వివరణ. సిలబస్ బయటిదేమీ కాదు.

అన్నిటికంటే బాగా పనిచేసేది ఇంకోటి ఉంది. మీ స్కూలు ఫ్లెక్సీ మీద 'ఐఐటీ – నీట్ ఫౌండేషన్' అని ఉండే ఉంటుంది. పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీలో పరిణామం ఒక పూర్తి పాఠం, నీట్ సిలబస్‌లో కూడా ఉంది. ఆ సిలబస్ కాగితం ప్రింటు తీసి పట్టుకెళ్లండి. మన కరస్పాండెంట్లకు డార్విన్ కంటే నీట్ తొందరగా అర్థమవుతుంది. నీట్‌లో దశావతారాల మీద ప్రశ్న రాదు.

అప్పటికీ 'ఆ పుస్తకం సంగతి కూడా చెప్పాల్సిందే' అంటే, చర్చగా పెట్టుకుందాం, సోషల్ పీరియడ్‌లోనో, శనివారం పిల్లల చర్చావేదికలోనో అనండి. ఇది కర్ర విరగకుండా పాము చావకుండా చేసే ఉపాయం కాదు. డోవర్ జడ్జి కూడా ఇంటెలిజెంట్ డిజైన్ గురించి చదవడం, చర్చించుకోవడం తప్పని అనలేదు. సైన్సు క్లాసులో పరిణామానికి ప్రత్యామ్నాయంగా చెప్పకూడదన్నారు, అంతే. సోషల్ సార్ డోవర్ కేసునే పిల్లలకు కథలా చెప్పొచ్చు. అదీ ఒప్పుకోక, డోవర్‌లోలా ఒక ప్రకటన చదివి తీరాలని పట్టుబడితే? డోవర్ టీచర్లలా తిరగబడమని నేను చెప్పను. వాళ్ల వెనక యూనియన్ ఉంది, మీ వెనక ఈఎంఐలు ఉన్నాయి. 'నేను చదవను సార్, చదవాలనుకుంటే మీరే వచ్చి చదవండి' అని మర్యాదగా అనండి. నిజానికి అక్కడ జరిగిందీ అదే.

పిల్లలకు చూపించడానికి మీకు దూరం పోవాల్సిన పనిలేదు. తిరుమల ఘాట్ రోడ్డులో కొండ కోసిన చోట, కింద పాత గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా నగరి క్వార్ట్‌జైటు (గట్టిపడిన ఇసుకరాయి) కనిపిస్తాయి. ఆ రెండు రాళ్ల వయసులకూ మధ్య యాభై కోట్ల ఏళ్లకు పైగా ఖాళీ. జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించిన చోటు అది, శిలాతోరణం లాగానే. మనవాళ్లంతా బస్సు కిటికీలోంచి దాన్ని దాటుకుంటూ పోతారు, కళ్లు మాత్రం చిరుతపులి కోసం వెతుకుతుంటాయి. 'అంత కాలం ఎక్కడుంది' అని అడిగే పిల్లాడికి ఆ గీత చూపిస్తే చాలు.

అలాగే బంగారు బల్లి. కంచికి పోయి వరదరాజస్వామి గుళ్లో బంగారు బల్లిని తాకి రాని ఇల్లు చిత్తూరులో ఉండదేమో. ప్రాణమున్న బంగారు బల్లి మన శేషాచలం కొండల్లో, నీటి తడి ఉండే రాతి సందుల్లో తిరుగుతుందని ఎంతమందికి తెలుసు? ఒకప్పుడు అంతరించిందేమో అనుకున్న ఆ బల్లి 1980లలో మళ్లీ తిరుమల కొండల్లోనే కనబడింది. వేళ్ల చివర పలకల్లా వెడల్పైన పట్టులుంటాయి, నిలువు బండనైనా అలవోకగా ఎక్కేస్తుంది. దాని ప్రజాతిలో మొత్తం రెండే జాతులు. ఒకటి మన తూర్పు కనుమల్లో, రెండోది శ్రీలంకలో. మధ్యలో సముద్రం. ఒకప్పుడు సముద్రమట్టం తగ్గినప్పుడు లంకకూ మనకూ మధ్య నేల తేలేదని చెప్పి, ఇలాంటి రెండు బల్లులు ఇంత దూరంలో విడివిడిగా ఎందుకున్నాయో రాసుకు రమ్మనండి. మంచి హోమ్‌వర్కు. పిల్లలు అడవిలోకి దూరి ఆ బల్లిని పట్టుకునే ప్రయత్నం మాత్రం చెయ్యకుండా చూడండి. అది చట్టం కాపాడుతున్న జీవి. పైగా రాత్రిపూట తిరిగేది. ఫొటోలు చాలు.

చివరిగా ఆ తండ్రిగారు. ఆయన్ని మూర్ఖుడిలా చూడకండి. కొడుకు చదువు గురించి స్కూలుకు వచ్చి, గొడవ పెట్టుకోకుండా ఒక పుస్తకం ఇచ్చి వెళ్లిన తండ్రి. మళ్లీ పిలిచి, కరస్పాండెంట్ గారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల అబ్బాయిని చూసి క్లాసు నవ్వినందుకు ముందు నొచ్చుకున్నానని చెప్పండి. తర్వాత మీరు క్లాసులో ఏం చెప్తారో, ఏం చెప్పరో స్పష్టంగా చెప్పండి. మతం మాట ఎత్తరని, వాడి నమ్మకాన్ని పరీక్షించరని ఆయనకు మీ నోటి నుంచే తెలియాలి. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు చదివానని చెప్పండి. నిజంగా చదివే చెప్పండి, ఆ బాక్టీరియా మోటారు బొమ్మ ఏ పేజీలో ఉందో ఆయన అడిగితే చూపించేలా ఉండాలి.